యార్డులో రూపాయి వదలని నాన్న షోరూంలో ఎందుకు నోరు మెదపలేదు?

ప్రశ్న: సార్, నమస్తే. మాది గుంటూరు, బృందావన్ గార్డెన్స్. నాన్నగారికి 58 ఏళ్లు, ముప్పై ఏళ్లుగా మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇన్నాళ్లకి నాన్నగారు తన కోసం ఒక మంచి బండి కొనుక్కుంటానన్నారు. పోయిన ఆదివారం విజయవాడలో ఒక లగ్జరీ కార్ల షోరూంకి వెళ్లాం. పెట్రోల్ ఎస్‌యూవీ, ఎక్స్‌షోరూం ధర 76 లక్షలు. దాని మీద లైఫ్ టాక్స్ 13,68,000, టీసీఎస్ 76,000, ఇన్సూరెన్స్ 3,40,000, రిజిస్ట్రేషన్, హ్యాండ్లింగ్ కలిపి 45,000, వారంటీ, సర్వీస్ ప్యాకేజీ 3,20,000, యాక్సెసరీస్, కోటింగ్ 1,85,000 వేశారు. మొత్తం 99,34,000. ఇందులో 3 లక్షలు డిస్కౌంట్ అన్నారు. మా 2018 ఇన్నోవాకి ఎక్స్ఛేంజ్‌లో 9.5 లక్షలు ఇస్తామన్నారు, మాకు తెలిసినాయన 11.2 లక్షలకి అడుగుతున్నారు. దాని మీద ఇంతవరకు ఒక్క ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా చెయ్యలేదు. సాయంత్రంలోపు 2 లక్షలు కట్టకపోతే ఆఫర్ పోతుందన్నారు, కట్టకుండా వచ్చేశాం. యార్డులో క్వింటాకి యాభై రూపాయల దగ్గర కూడా వదలని నాన్నగారు అక్కడ కాఫీ తాగుతూ కూర్చున్నారు, ఒక్క మాట అడగలేదు. బయటికొచ్చాక అడిగితే "అంత పెద్ద షోరూంలో బేరమాడితే చులకనైపోతాం అమ్మా" అన్నారు. శ్రావణ శుక్రవారానికి బండి ఇంట్లో ఉండాలని అమ్మ పట్టు. ఇప్పుడు ఆషాఢం. ఇలాంటి బండికి న్యాయమైన ధర ఎంత, దాన్ని ఎలా అడగాలి?

జవాబు:

అమ్మా, ఆ 2 లక్షలు కట్టకుండా లేచి వచ్చేశారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. మిగతా సగం గురించి మాట్లాడుకుందాం. నేను ఇరవై ఏళ్లు బండ్ల అమ్మకాల్లోనే ఉన్నాను, అందులో కొన్నేళ్లు ఇలాంటి ఖరీదు బండ్లే అమ్మాను. మీ నాన్నగారి లాంటి వాళ్లని ఎంతమందిని చూశానో లెక్కలేదు. పత్తి వ్యాపారం చేసేవాళ్లు, చేపల చెరువుల వాళ్లు, డాక్టర్లు. బయట ఎంత గట్టిగా మాట్లాడేవాళ్లయినా ఆ గాజు తలుపు దాటి ఏసీలోకి వచ్చి సోఫాలో కూర్చోగానే మెత్తబడిపోతారు. 12 లక్షల బండి కొనేటప్పుడు ఫ్లోర్ మ్యాట్ల కోసం కూడా అరగంట బేరమాడినవాళ్లే, కోటి రూపాయల బండి దగ్గర మాత్రం "ఇక్కడ అడిగితే ఏమనుకుంటారో" అని మొహమాటపడతారు. ఆ మొహమాటం ఖరీదు లక్షల్లో ఉంటుంది. మీ నాన్నగారితో నా మాటగా ఒకటి చెప్పండి. లెక్క అడిగిన మనిషిని షోరూంలో ఎవరూ చులకనగా చూడరు. లోపల మేనేజర్ గదిలో "ఈయనకి విషయం తెలుసు, జాగ్రత్తగా మాట్లాడండి" అనుకుంటారు, నేనే ఎన్నోసార్లు అన్నాను.

ఆయనకి యార్డు భాషలోనే చెబుతాను. టిక్కీ, అదే మిర్చి బస్తా, మూతి దగ్గర కనిపించే కాయ చూసి ఆయన ఎప్పుడూ ధర కట్టరు కదా. లోపలికి చెయ్యి పెట్టి మచ్చు తీసి, తేమ చూసి, తాలు ఎంత కలిసిందో చూశాకే మాట్లాడతారు. వాళ్లిచ్చిన ఆ కాగితం కూడా టిక్కీ లాంటిదే. పైన కనిపించేది 3 లక్షల డిస్కౌంట్. అసలు సంగతంతా కింది వరుసల్లో ఉంది.

ఆ కాగితం ముందు పెట్టుకుని ప్రతి అంకె పక్కనా ఇది ఎవరికి పోతుంది అని రాసుకోండి.

76 లక్షల ఎక్స్‌షోరూం ధరలోనే జీఎస్టీ కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లకి 40 శాతం జీఎస్టీ, సెస్సు తీసేశారు. అంతకుముందు 28 శాతం మీద సెస్సు కలిపి ఇలాంటి ఎస్‌యూవీకి 50 శాతం దాకా పడేది. 40 శాతం లెక్కన 76 లక్షల్లో అసలు బండి ధర సుమారు 54 లక్షల 29 వేలు, ప్రభుత్వానికి పోయేది సుమారు 21 లక్షల 71 వేలు. దాని పైన లైఫ్ టాక్స్. మన రాష్ట్రంలో 20 లక్షలు దాటిన కారుకి 18 శాతం, మీ కాగితంలో వేసిన 13,68,000 ఆ లెక్కకి సరిపోయింది, రిజిస్ట్రేషన్ రోజున ఉన్న రేటు మాత్రం రవాణా శాఖ సైటులో ఒకసారి చూసుకోండి. అంటే ఈ రెండు పన్నులే కలిపి 35 లక్షలు పైచిలుకు. ఈ డబ్బు మీద మీరూ బేరమాడలేరు, వాళ్లూ తగ్గించలేరు. "టాక్స్‌లో ఏదో చూస్తాం సార్" అని ఎవరైనా అంటే అక్కడే ఆపెయ్యండి. ఒకప్పుడు ఇలాంటి బండ్లు పుదుచ్చేరి అడ్రస్‌తో రిజిస్టర్ చేయించి టాక్స్ మిగిల్చుకున్నవాళ్లు ఉన్నారు, తర్వాత కేసుల పాలయ్యారు కూడా. చట్టం ప్రకారం మీరు ఉండే రాష్ట్రంలోనే బండి రిజిస్టర్ కావాలి, వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలు దాటి ఇక్కడ తిప్పితే ఇక్కడి నంబరుకి మార్చుకోవాలి, ఇక్కడి టాక్స్ కట్టాలి. గౌరవంగా వ్యాపారం చేసుకునే మనిషికి ఆ తలనొప్పి వద్దు.

టీసీఎస్ 76,000 చూసి మీరు కంగారు పడి ఉంటారు. 10 లక్షలు దాటిన ఏ బండికైనా 1 శాతం వసూలు చేస్తారు. అది ఖర్చు కాదు, ముందుగా కట్టిన ఇన్‌కంటాక్స్. ఎవరి పాన్ మీద బిల్లు అయితే వాళ్ల పేరున ఇన్‌కంటాక్స్ శాఖ ఉంచే పన్నుల లెక్కలో కనిపిస్తుంది, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. కాబట్టి క్రమంగా రిటర్న్ వేసే మీ నాన్నగారి పేరు మీదే బిల్లు చేయించండి. అమ్మగారి పేరు కలిసొస్తుందని చివరి నిమిషంలో మార్చేవాళ్లు ఉంటారు, ఆవిడ రిటర్న్ వెయ్యకపోతే ఈ 76 వేలు తిరిగి తెచ్చుకోవడానికి ఆవిడ చేత కూడా రిటర్న్ వేయించాలి. అంతే తేడా.

ఇక బేరం మొదలయ్యేది ఇక్కడి నుంచి. హ్యాండ్లింగ్ అన్నది ప్రభుత్వానికి పోయేది కాదు. కేంద్రం నిర్ణయించిన రిజిస్ట్రేషన్ ఫీజు ఇక్కడ తయారైన కారుకి 600 రూపాయలు, విదేశం నుంచి పూర్తి బండిగా దిగుమతి అయినదైతే 5,000. లోన్ ఉంటే హైపోథికేషన్, అంటే బండి మీద బ్యాంకు అప్పు ఉందని ఆర్సీలో రాయించడానికి 1,500. కార్డు, నంబరు ప్లేటు లాంటి చిన్న ఖర్చులు కలుపుకున్నా 45,000 ఎక్కడ, ఇదెక్కడ. "ప్రభుత్వ ఫీజుకి రసీదు ఇవ్వండి, ఆ మొత్తం ఇస్తాను, హ్యాండ్లింగ్ తీసెయ్యండి" అనండి చాలు. గట్టిగా అడిగినవాళ్లకి ఈ లైను తీసెయ్యడం నా అనుభవంలో దాదాపు ప్రతిసారీ జరిగింది. కొన్నిచోట్ల గొడవ లేకుండా తీసేసి, అదే డబ్బు వేరే లైనులోకి తోస్తారు, అందుకని మొత్తం మీద కన్ను ఉంచండి.

ఇన్సూరెన్స్ దగ్గర మీరు కాసేపు కూర్చోవాలి, ఎందుకంటే మీ డబ్బు ఎక్కువగా ఇక్కడే దాగి ఉంది. షోరూం వాళ్లు చెప్పిన పాలసీయే తీసుకోవాలన్న రూలు లేదు, ఏ కంపెనీ దగ్గరైనా తీసుకునే స్వేచ్ఛ మీది. కొత్త కారుకి 3 ఏళ్ల థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి, 1500 సీసీ దాటితే 2022లో నిర్ణయించిన రేటు 24,596 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ, ఇది ఎక్కడ తీసుకున్నా ఒకటే. మిగతా 3 లక్షల పైచిలుకు ఓన్ డ్యామేజ్, అంటే మన బండికే జరిగే నష్టానికి బీమా, దాని మీద యాడ్ ఆన్లు, అంటే అదనంగా కలిపే కవర్లు. ఇక్కడే కంపెనీకీ కంపెనీకీ తేడా వస్తుంది. అదే ఐడీవీ (బండికి బీమా కంపెనీ కట్టే విలువ), అవే యాడ్ ఆన్లు చెప్పి బయట మూడు కంపెనీల దగ్గర కొటేషన్ తెప్పించండి. ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువ చూపిస్తారు, ఆ తేడా చూసుకోకపోతే పోల్చడం దండగ.

ఇప్పుడు మీరు ఉత్తరంలో మామూలుగా రాసేసిన ఒక మాట. ఇన్నోవా మీద ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా లేదన్నారు. అమ్మా, అది డబ్బు! నో క్లెయిమ్ బోనస్, అదే ఎన్‌సీబీ, బండికి చెందదు, మనిషికి చెందుతుంది. అయిదేళ్లు వరుసగా క్లెయిమ్ లేకపోతే 50 శాతం. ఇన్నోవా అమ్మేసి పేరు మార్పించాక పాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే, ఆ 50 శాతం కొత్త బండి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గుతుంది. ఆ ప్రీమియం ఒకవేళ 1,60,000 ఉందనుకోండి, 80,000 మిగిలినట్టే, జీఎస్టీ వేరే తగ్గుతుంది. లెటర్ 3 ఏళ్ల వరకు చెల్లుతుంది. మీరు రాసిన కాగితంలో ఎన్‌సీబీ అనే లైనే లేదు. అంటే వాళ్లు అడగలేదు, మీరు చెప్పలేదు. ఇన్నోవా ఇంట్లోనే ఉంచుకుంటే మాత్రం ఈ బోనస్ కొత్త బండికి రాదు, అది గుర్తుంచుకోండి.

యాడ్ ఆన్లలో ఏది వద్దన్నా ఇంజన్ ప్రొటెక్షన్ మాత్రం వదులుకోవద్దు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఎన్ని బండ్లు నీళ్లలో నిలబడిపోయాయో మనందరం చూశాం. నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేస్తే ఇంజన్లోకి నీరు లాగేసి లోపల రాడ్లు వంగిపోతాయి, మామూలు పాలసీలో దాన్ని పక్కన పెట్టేస్తారు. ఇలాంటి బండికి ఇంజన్ అంటే మామూలు ఖర్చు కాదు. జీరో డిప్రిసియేషన్ (మార్చిన భాగాలకి తరుగు కొయ్యకుండా ఇచ్చేది), రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చేది) కూడా మొదటి మూడేళ్లు ఉంచుకోండి. తాళాలు, టైర్లు, బండిలో పెట్టిన సామాన్లు ఇలా వచ్చేవి మీ ఇష్టం, నేనైతే టైర్ కవర్ తీసుకుంటాను, మన రోడ్ల మీద ఆ పల్చటి టైర్లు తొందరగా బుడిపెలు తేలతాయి.

యాక్సెసరీస్, కోటింగ్ 1,85,000 మొత్తం కొట్టేయించండి. ఏదీ తప్పనిసరి కాదు. కోటింగ్ చేయించుకోవాలనిపిస్తే తర్వాత మీ తీరికలో మంచి చోటు చూసి చేయించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, ఆటోనగర్‌లో చవగ్గా దొరుకుతుందని వైర్లు కోసి లైట్లు, హారన్లు పెట్టించవద్దు, ఈ బండ్లలో ఒక వైరు కోస్తే వారంటీ దగ్గర పేచీ పెడతారు.

వారంటీ, సర్వీస్ ప్యాకేజీ మాత్రం నేను వద్దని చెప్పను. ఈ బండ్లు కొనడం ఒక ఎత్తు, నాలుగో ఏడాది నుంచి పోషించడం ఇంకో ఎత్తు. సస్పెన్షన్‌లో ఒక భాగం పోతే వచ్చే బిల్లు చూసి బండి అమ్మేసుకున్నవాళ్లని ఎరుగుదును. కాకపోతే రెండూ కలిపి 3,20,000 అని ఒక ముద్దగా ఇవ్వకూడదు. వారంటీ ఎన్నేళ్లకి, ఎంత. సర్వీస్ ఎన్నేళ్లకి, ఎన్ని కిలోమీటర్లకి, ఎంత. విడివిడిగా రాయించండి. మీ నాన్నగారు గుంటూరు, విజయవాడ మధ్యే తిరుగుతారు కాబట్టి ఏడాదికి పది పన్నెండు వేల కిలోమీటర్లు దాటకపోవచ్చు, అలాంటప్పుడు ఎక్కువ కిలోమీటర్ల ప్యాకేజీకి డబ్బు పెట్టడం ఎందుకు? షోరూం వాళ్లు నగదు డిస్కౌంట్ పెంచలేమన్నప్పుడు వారంటీని ఒక ఏడాది పెంచి ఇమ్మని అడగండి, ఇది వాళ్లకి తేలిక, మీకు నిజంగా పనికొచ్చేది.

ఇన్నోవా సంగతి చెప్పనక్కర్లేదు, మీ లెక్కే చెబుతోంది. బయట 11.2, వీళ్లు 9.5. తేడా 1,70,000. ఎడమ చేత్తో 3 లక్షలు ఇచ్చి కుడి చేత్తో 1.7 లక్షలు వెనక్కి తీసుకుంటే మీకు మిగిలింది 1.3 లక్షలే కదా. అందుకే కొత్త బండి ధర పూర్తిగా తేలేదాకా పాత బండి మాట ఎత్తవద్దు. అడిగితే "దాని సంగతి తర్వాత చూద్దాం" అనండి. కొన్ని కంపెనీలు ఎక్స్ఛేంజ్ బోనస్ అని విడిగా ఇస్తాయి, అది బయటి ధరలో తేడాని దాటితే ఇచ్చెయ్యండి, లేకపోతే తెలిసినాయనకే అమ్మండి. ఎవరికి ఇచ్చినా ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోవద్దు, ఆర్సీ పేరు మారేదాకా వెంటపడండి. మా బావమరిది పాత కారు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చి మర్చిపోయాడు. ఎనిమిది నెలలు పేరు మార్చలేదు, ఎవరో ఎక్కడో తిరుగుతుంటే చలానాలు వీడి ఫోనుకి. ఆ ఎనిమిది నెలలు యాక్సిడెంట్ ఏదీ జరగకపోవడం వాడి అదృష్టం.

ఒకసారి కూడండి. యాక్సెసరీస్ 1.85, ఇన్నోవా తేడా 1.70, హ్యాండ్లింగ్ దాదాపు 45 వేలు. 4 లక్షలు. ఎన్‌సీబీ, బయటి ఇన్సూరెన్స్ కొటేషన్ కలిస్తే ఇంకా పైన. వాళ్లిచ్చిన 3 లక్షల డిస్కౌంట్‌ని ముట్టుకోకుండానే ఇంత ఉంది. మీరు అడిగిన న్యాయమైన ధర అంటే నా దృష్టిలో ఇదే, పన్నులు పూర్తిగా ప్రభుత్వానికి, బండి డబ్బు కంపెనీకీ షోరూంకీ, మిగతా ప్రతి రూపాయికీ మీరు అడిగి తీసుకున్న వస్తువు. ఏ లైను దగ్గరైనా "ఇదేంటి" అంటే జవాబు రాకపోతే అది న్యాయమైన ధర కాదు.

ఇక ఆ 3 లక్షలు పెరుగుతుందా లేదా అన్నది కంపెనీని బట్టి. మీరు కంపెనీ పేరు రాయలేదు. మెర్సిడెస్ అయితే 2021 అక్టోబర్ నుంచి పద్ధతి మారింది, బండ్లు కంపెనీవే, బిల్లు నేరుగా కంపెనీ పేరు మీద వస్తుంది, షోరూంకి కమీషన్. దేశమంతా ఒకటే ధర. అక్కడ విజయవాడ షోరూంకీ హైదరాబాదు షోరూంకీ పోటీ పెట్టి ఉపయోగం లేదు, కంపెనీ ఆ నెల ఏ ఆఫర్ ప్రకటించిందో కనుక్కుని, మిగతా లైన్ల మీద దృష్టి పెట్టండి. డీలరు తానే బండ్లు కొని నిల్వ పెట్టుకునే పద్ధతిలో అయితే కథ వేరు. షెడ్డులో నిలబడిన ప్రతి బండికీ ఆయన బ్యాంకుకి వడ్డీ కడుతున్నాడు. మీ నాన్నగారికి కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టి అద్దె కట్టడం తెలుసు, ఆయనకి విడమరిచి చెప్పనక్కర్లేదు. నాలుగైదు నెలలుగా నిలబడిన బండికి డిస్కౌంట్ ఎక్కువ వస్తుంది, నిన్న దిగిన రంగుకి రాదు. అందుకని "ఏ రంగు వెంటనే ఉంది, ఏ నెలలో తయారైంది" అని అడగండి. సేల్ సర్టిఫికెట్, అదే ఫారం 21లో, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. పోయిన ఏడాది తయారైన బండి అయితే రేపు అమ్మేటప్పుడు ఆ ఏడాది లెక్కే కడతారు, కాబట్టి దానికి తగ్గట్టు ధర బాగా తగ్గాలి, ఊరికే యాభై వేలు ఇస్తే ఒప్పుకోవద్దు.

మీకు కాలం కూడా కలిసొచ్చింది. ఆషాఢంలో మన వైపు ఎవరూ బండి తీసుకోరు. షోరూంలో అమ్మకాలు పడిపోతాయి, నెల టార్గెట్ మాత్రం ఎక్కడికీ పోదు, అదే శ్రావణం మొదలైతే మంచి రోజున డెలివరీ కోసం వాళ్లే మిమ్మల్ని లైన్లో నిలబెడతారు. అందుకని బేరం ఇప్పుడే, నెలాఖరు నాలుగు రోజుల్లో ముగించండి. బుకింగ్ కూడా ఇప్పుడే చెయ్యండి, డెలివరీ మాత్రం అమ్మగారు చెప్పిన శుక్రవారం. బుకింగ్ ఆషాఢంలో వద్దని ఆవిడ అంటే కాదనకండి, ఒప్పుకున్న ధరని షోరూం మెయిల్లో రాయించుకుని, అడ్వాన్స్ శ్రావణం మొదటి రోజున కట్టండి. ఏ దారిన వెళ్లినా ఒక మాట మాత్రం తప్పకుండా రాయించాలి, డెలివరీ లోపు కంపెనీ ధర పెంచినా మాకు ఇదే ధర అని. బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో మామూలుగా "డెలివరీ నాటి ధర వర్తిస్తుంది" అని ఉంటుంది. రద్దు చేసుకుంటే అడ్వాన్స్‌లో ఎంత కోస్తారో కూడా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు అసలు ఎలా అడగాలి అన్నది. ఈసారి ఆదివారం వెళ్లకండి, ఆదివారం జనం. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం వెళ్లండి. సేల్స్ కుర్రాడితో మర్యాదగా ఉండండి, అతని చేతిలో ఉన్నది తక్కువ, పెద్ద తగ్గింపు మేనేజరో, ఆ పైవాళ్లో ఒప్పుకోవాలి. మీ నాన్నగారిని ఇంతే అనమనండి. "బాబూ, డిస్కౌంట్ ఎంతో నాకు చెప్పొద్దు. యాక్సెసరీస్ వద్దు, హ్యాండ్లింగ్ వద్దు, ఇన్సూరెన్స్ మా ఎన్‌సీబీతో వెయ్యి. బండి మా ఇంటి గేటులోకి వచ్చేసరికి నా చేతి నుంచి మొత్తం ఎంత పోతుందో ఒక్క అంకె కాగితం మీద రాసివ్వు." అని మాట్లాడకుండా కూర్చోవాలి. కాఫీ తాగొచ్చు. ఆయన మౌనం యార్డులో ఎంత పని చేస్తుందో ఇక్కడా అంతే చేస్తుంది, మొన్న ఆయన చేసిన పొరపాటు మౌనంగా ఉండడం కాదు, అడగకముందే మౌనంగా ఉండడం. వాళ్లు ఒక అంకె రాస్తారు. దాన్ని ఒప్పుకోకుండా, కాదనకుండా, జేబులో పెట్టుకుని లేవండి. రెండో ఫోను వాళ్ల దగ్గర్నుంచే వస్తుంది. మీ ముందు ఎప్పుడూ ఇంకో కంపెనీ బండి ఒకటి ఉండాలి, నిజంగా టెస్ట్ డ్రైవ్ చేసినది, కొటేషన్ తీసుకున్నది. లేని కొటేషన్ ఉందని అబద్ధం చెప్పొద్దు, వాళ్లు అక్కడే ఫోన్ చేసి కనుక్కుంటారు, అప్పుడు నిజంగానే చులకనవుతాం.

డీలర్లు విడిగా ధర చెప్పే కంపెనీ అయితే హైదరాబాదు కొటేషన్ కూడా మీరే తీసుకోండి, మీరు అక్కడే ఉన్నారు కాబట్టి. అక్కడ కొన్నా రిజిస్ట్రేషన్, లైఫ్ టాక్స్ మాత్రం మన దగ్గరే, తాత్కాలిక నంబరుతో ఇంటికి తెచ్చుకోవాలి. యాభై వేల తేడా కోసం అంత దూరం నుంచి వద్దు, సర్వీస్‌కి వెళ్లాల్సింది విజయవాడకే. రెండు లక్షలు దాటితే ఆలోచించండి, లేకపోతే ఆ కొటేషన్ ఇక్కడ చూపించి అడగండి.

లోన్ గురించి మీరు రాయలేదు, కానీ షోరూం వాళ్లు తప్పకుండా ఆ మాట తెస్తారు. ధర తేలకముందు ఈఎంఐ మాట వినొద్దు. 50 లక్షలు అయిదేళ్లకి తీసుకుంటే 9 శాతానికీ ఎనిమిదిన్నరకీ నెలకి తేడా 1,200 రూపాయలే కనిపిస్తుంది, అయిదేళ్లకి అది 72 వేలు. మీ నాన్నగారు ముప్పై ఏళ్లుగా లావాదేవీలు చేసే బ్యాంకు మేనేజర్ దగ్గరికి ముందే వెళ్లి రేటు రాయించుకోండి, మిర్చి సీజన్లో డబ్బు చేతికొచ్చినప్పుడు ఒకేసారి కట్టేస్తే పెనాల్టీ ఎంతో కూడా. ఆయన బండిని వ్యాపారం లెక్కల్లో చూపిస్తే వడ్డీ, తరుగుదల ఖర్చుగా చూపుకోవచ్చు, కారు మీద కట్టిన జీఎస్టీ మాత్రం వెనక్కి తీసుకోవడం కుదరదు, ఆడిటర్‌తో కొనకముందే మాట్లాడండి.

నగదు విషయంలో చాలా గట్టిగా చెబుతున్నాను. యార్డు వ్యాపారంలో నగదు చేతులు మారడం మామూలే, కానీ ఇక్కడ 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు, తీసుకున్నవాళ్లకి అంత మొత్తమూ జరిమానా. "క్యాష్ ఇస్తే ఇంకో లక్ష తగ్గిస్తాం" అన్న మాట వస్తే వెంటనే బయటికి వచ్చెయ్యండి. ప్రతి రూపాయీ షోరూం, లేదా కంపెనీ బ్యాంకు ఖాతాలోకే, రసీదుతో. సేల్స్ కుర్రాడి సొంత ఫోన్ నంబరుకి వెయ్యి రూపాయలు కూడా కొట్టొద్దు, మంచివాడే అయినా. ఒప్పుకున్న తగ్గింపు ఇన్వాయిస్ మీదే కనిపించాలి, "తర్వాత వేస్తాం" అన్నవి నెలల తరబడి తిరిగినా రాకపోవడం చూశాను.

బిల్లు అయ్యే ముందు, రిజిస్ట్రేషన్‌కి ఇచ్చే ముందు, మీకు కేటాయించిన బండిని షోరూం వాళ్ల యార్డులోనే పగటి వెలుతురులో చూడండి. ఛాసిస్ నంబరు ఫొటో తీసుకోండి, ఇన్వాయిస్ మీద అదే ఉండాలి. టైర్ పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అద్దాలు, పెయింటు, రెండు తాళాలు, బండి తిరిగిన కిలోమీటర్లు. రిజిస్ట్రేషన్ అయ్యాక గీత కనిపిస్తే అది మీ గీతే.

ఫ్యాన్సీ నంబరు మాట నాన్నగారు ఎత్తుతారనుకుంటాను, మన ఊళ్లలో అది మామూలే. దానికి షోరూం వాళ్లకి విడిగా డబ్బు ఇవ్వొద్దు, రవాణా శాఖ ఆన్‌లైన్ వేలంలో మీరే పాడుకోవచ్చు, ఎంతవరకు పాడాలో ముందే ఇంట్లో అనుకుని కూర్చోండి.

రేపు పొద్దున్నే ఇన్నోవా ఇన్సూరెన్స్ కాగితం తీసి గడువు ఎప్పటిదాకా ఉందో, ఎన్‌సీబీ ఎంత శాతం రాసి ఉందో చూడండి. గడువు దాటి 90 రోజులైతే ఆ బోనస్ పోతుంది. మిగతావన్నీ నెలాఖరుదాకా ఆగుతాయి, ఇది ఆగదు. కొత్త కొటేషన్ వచ్చాక ఫోన్ నంబర్లు చెరిపేసి నాకు పంపండి, లైను లైనూ చూసి చెబుతాను.